మా ఇంట్లో దీపావళి సర్‌ప్రైజు

మొన్న దీపావళికి మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. సాయంత్రం దీపాలు పెట్టాక మా అల్లుడు రంగుకాగితం చుట్టిన పెద్ద పెట్టె తెచ్చి హాలు మధ్యలో పెట్టాడు. ఇంటినిండా వాళ్ళ ఆఫీసు స్నేహితులు. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. "ఓపెన్ చెయ్, ఓపెన్ చెయ్" అని ఒకటే గోల. మా అమ్మాయి నవ్వుతూ కాగితం చింపుతోంది. ఆ పెట్టెలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. బాల్కనీలోకి వెళ్ళిపోయి, లోపల నవ్వులు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. తరవాత మా అమ్మాయి వచ్చి, "ఏంటమ్మా, టపాసుల సౌండు పడట్లేదా?" అని అడిగింది.

అవునన్నాను. ఇంకేం చెప్పను? దీపావళి పూట పెట్టె విప్పుతున్న భార్యను, చుట్టూ నవ్వడానికి సిద్ధంగా ఉన్న జనాన్ని చూస్తే నాకు మా అమ్మ కనిపిస్తుందని ఆ పిల్లకు ఎలా చెప్పను?

మా చిన్నతనం ఉక్కునగరం క్వార్టర్లలో గడిచింది. అప్పటికి అన్నీ కొత్తే. గోడలకు వేసిన పసుపు రంగు కొత్త, రోడ్ల పక్కన నాటిన మొక్కలు కొత్త, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన మనుషులు ఒకరికొకరు కొత్త. సాయంత్రాలు ప్లాంటులో కరిగిన చిట్టెం, ఇనుము తీశాక మిగిలే మడ్డి, పారబోసినప్పుడు ఆ మూల ఆకాశం భగ్గున ఎర్రబడి మళ్ళీ నల్లబడేది. గాలి మావైపు తిరిగితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లపొడి. అమ్మ తీగ మీంచి ఒక్కొక్క బట్టా తీసి దులుపుతూ, "ఓలమ్మ, మీ నాన్న పేంటు డూటీకెల్లకుండానే మసైపోనాది" అనేది.

అమ్మది అచ్యుతాపురం వైపు ఒక పల్లె. నాన్నది గోదావరి జిల్లా. ప్లాంటు కడుతున్న రోజుల్లో పనిలో చేరి, అమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకున్నాడట. ఎదురింట్లో అమ్మ. గేదెకు గడ్డి వేస్తూ దాన్ని తిట్టేది, బుజ్జగించేది, దాంతో ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది. "మీ నాన్న అరుగు మీద కూకుని దాని మాటలే వినీవోడు. ఆ మాటల కోసవే మనువాడినాడు" అని అమ్మమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. అదే నిజమనుకుంటాను. కట్నం అడగకుండా, ఇంట్లోవాళ్ళను ఎదిరించి చేసుకున్నాడు మరి.

తరవాత నాన్న పనిలో పైకి వచ్చాడు. పెద్ద క్వార్టరు ఇచ్చారు. చుట్టుపక్కల అంతా ఆఫీసర్లు, వాళ్ళ చదువుకున్న భార్యలు. నాన్న మంచి మాటకారి. క్లబ్బులో ఏ కార్యక్రమం జరిగినా మైకు ఆయన చేతికే ఇచ్చేవారు. జోకు వెయ్యడానికి ముందు ఒక్క క్షణం ఆగి, జనం వైపు చూసి, పెదవి కొరికేవాడు. జనం అక్కడే నవ్వడం మొదలుపెట్టేవారు. ఆ జోకుల్లోకి ఎప్పుడు వచ్చి చేరిందో గానీ, నాకు ఊహ తెలిసేసరికే అమ్మ భాష అందులో ఉంది.

అమ్మకు ఒక విద్య ఉండేది. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే దించేసేది. ముక్కుతో మాట్లాడే మా హెడ్మిస్ట్రెస్, సింహాచలం కొండ మీద క్యూలో జనాన్ని కసిరే గుడి మనిషి, తలుపు పట్టుకుని నిలబడి "కాస్త కాఫీపొడి ఉంటుందా వదినా" అని రాగం తీసే ఎదురింటి ఆంటీ, అందరూ మా వంటింట్లోకి వచ్చేవారు. అమ్మ నేల మీద కూర్చుని అట్లకు చోడిపిండి, అదే రాగిపిండి, కలుపుతూ ఒకరి తరవాత ఒకర్ని తెచ్చి నా ముందు నిలబెట్టేది. నవ్వి నవ్వి నాకు పొలమారేది. గేటు చప్పుడు వినపడగానే ఆ మనుషులంతా మాయం. "నోరు మూసీ గుంటా, మీ నాన్నొచ్చినాడు" అని తను కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"నాన్నని చెయ్యమ్మా, ఒక్కసారి" అని బతిమాలేదాన్ని.

"తప్పు. ఇంటాయన్ని సెయ్యకూడదు" అనేది.

మా పండగల కాలం దసరాతో మొదలయ్యేది. ప్లాంటులో ఆయుధపూజ, క్లబ్బులో నాటికలు, ఆ వెంటనే దీపావళికి సరంజామా. మతాబులు, చిచ్చుబుడ్లు చాటల్లో పోసి డాబా మీద ఎండబెట్టేవాళ్ళం. కాపలాకు నన్ను కూర్చోబెడితే, నేనే కొన్ని కాకరపువ్వొత్తులు గౌనులో దాచి ఎదురింటి పిల్లలతో గోడ వెనక కాల్చేదాన్ని. అమ్మ బెల్లం గవ్వలు వత్తేది. నాన్న వాళ్ళ ఊరి నుంచి పూతరేకులు వచ్చేవి. దీపావళి సాయంత్రం గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, వాకిట్లో నేలకు కొట్టి పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినాలి. ఆ తరవాతే నాన్న సర్‌ప్రైజు.

దానికోసం కాలనీ వాళ్ళు మా ఇంటికి వచ్చేవారు. నాన్న పైఅధికారి, ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం, భార్యతో సహా వచ్చి పేము కుర్చీల్లో కూర్చునేవారు. నాన్న రంగుకాగితం చుట్టిన పెట్టె అమ్మ చేతికిచ్చేవాడు. పెట్టెలో పెట్టె, దాంట్లో ఇంకో పెట్టె. ఒక ఏడు చివరి పెట్టెలో పలక, బలపం ఉన్నాయి. పలక మీద నాన్న అందంగా 'నేను' అని రాసి పెట్టాడు. అమ్మ ఆ మాటను 'నాను' అనేది.

"మా ఆవిడకి ఈ ఒక్క ముక్క వచ్చేస్తే చాలండి, మిగతా తెలుగు నేను చూసుకుంటాను" అన్నాడు.

ఇల్లు ఘొల్లుమంది. అమ్మ కూడా తల వంచుకుని నవ్వింది. అప్పుడు నాన్న బీరువా తీసి పట్టుచీర బయటపెట్టాడు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. అందరూ చప్పట్లు. "ఎంత ప్రేమ వదినా మా అన్నయ్యగారికి! మా ఆయనా ఉన్నాడు, ఎందుకూ?" అంది ఎదురింటి ఆంటీ. అమ్మ లోపలికి వెళ్ళి ఆ చీర కట్టుకునొచ్చి అందరికీ గారెలు వడ్డించింది. ముందు నవ్వు, తరవాత చీర. ప్రతి ఏడూ అంతే. ఇంకో ఏడు చివరి పెట్టెలో ఎండుచేప ఉంది. "పుట్టింటి కానుక" అన్నాడు. ఆ ఏడు చీర వంకాయరంగుది.

అమ్మ కూడా నాన్నకు ఇచ్చేది. గాజువాకలో గుడ్డ కొని, నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు దాచుకుని దాచుకుని మిషను మీద చొక్కా కుట్టేది. నాన్న అది అందరి ముందూ తొడుక్కుని చేతులు చాచేవాడు. "చూశారా, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. కుట్టినావిడ మాటలాగే" అనేవాడు. చేతులు రెండూ సమానంగానే ఉండేవి. నేను స్కేలు పెట్టి కొలిచాను కూడా.

నాన్న నాతో చాలా ప్రేమగా ఉండేవాడు. స్కూటరు ముందు నిలబెట్టుకుని బీచికి తీసుకెళ్ళేవాడు. నా లెక్కల పరీక్షకు నాకంటే ఎక్కువ కంగారుపడేవాడు. ఒక్కటే విషయంలో కఠినం. నా నోట్లోంచి 'నాను' వచ్చిందంటే, గోడవైపు తిప్పి నిలబెట్టి, పొయ్యి మీద అన్నం ఉడికేదాకా 'నేను, నేను, నేను' అనిపించేవాడు. వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

ఇక ఆ టేప్ రికార్డర్ సంగతి. నాన్న స్నేహితుడొకాయన పోర్టులో పనిచేసేవాడు. ఓడలవాళ్ళ దగ్గర విదేశీ సామాన్లు కొనిపెట్టేవాడు. ఆ ఏడు దసరాకు ముందే నాన్న ఆయన ద్వారా ఒక టేప్ రికార్డర్ తెప్పించి, వంటింటి అలమర మీద పెట్టాడు.

"పొద్దస్తమానం ఇక్కడే ఉంటావు కదా. పాటలు వింటూ వంట చేసుకో" అన్నాడు.

అమ్మ నమ్మలేనట్టు చూసింది. "నాకేటి? నా కోసవే?" అంది. దానికి పసుపు, కుంకం పెట్టింది. ఆ రోజుల్లో అమ్మ ఉన్నంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. కూనిరాగాలు తీస్తూ తిరిగేది. నాన్న సెలవు రోజుల్లో వంటింట్లోకి వచ్చి ఏదో బటను నొక్కి, "క్యాసెట్టు ఇరుక్కుంది, ముట్టుకోకు" అని చెప్పి, ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. చేపలమ్మి వచ్చేది వంటింటి వెనక తలుపు దగ్గరికే. నాకు తల దువ్వేది ఆ వంటింట్లోనే. దేవుడి పటాలున్నదీ అక్కడే.

దీపావళి సాయంత్రం పేము కుర్చీలు నిండాయి. తీపి తినడం అయ్యాక నాన్న లేచాడు. "ఈసారి పెట్టె లేదండీ. ఈసారి సర్‌ప్రైజు గాల్లోంచి వస్తుంది" అని టేప్ రికార్డర్ తెచ్చి టీపాయి మీద పెట్టాడు. పాటలనుకుంది అమ్మ. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

ముందు చేపలమ్మితో బేరం వచ్చింది. "ఈటి నెత్తళ్ళేటే? మొన్నటివే నీళ్ళు సల్లి తెచ్చినావు. నాను సూడనేదనుకున్నావేటి?" జనం పగలబడి నవ్వారు. తన గొంతు అలా విని అమ్మ కూడా సిగ్గుపడి నవ్వింది, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తరవాత నాకు తల దువ్వుతూ చెప్పిన కబుర్లు. అందులో నా గొంతు కూడా ఉంది. ఆ తరవాత కాసేపు ఏమీ లేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, చిన్నగా గంట. అమ్మ చేతులు ముఖం మీంచి దిగాయి.

"అప్పన్న తండ్రీ" అంది టేపులో అమ్మ, సింహాచలం దేవుడితో. "నాను నిన్ను మేడలడగనేదు, నగలడగనేదు. మా ఆయనకి నానంటే సిగ్గు నేకుండా సెయ్యి తండ్రీ. అదైనా సెయ్యి, నేకపోతే నా నోరైనా పడగొట్టీ. నలుగురిలో ఆయన అలాగ నవ్విత్తంటే నాకు సచ్చిపోవాలనుంటాది. అయినా ఆయన్ని సల్లగా సూడు, పిల్లని సల్లగా సూడు."

అది వింటే ఎవరైనా నవ్వు ఆపుతారని ఇప్పుడనిపిస్తుంది. ఎవరూ ఆగలేదు. ఒకసారి పట్టుకున్న నవ్వు అంత తొందరగా వదలదు కదా. పెద్దసారు రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ, "అప్పన్న తండ్రీ! ఓహో, అప్పన్న తండ్రీ!" అన్నాడు. ఆయన భార్య "అయ్యో, పాపం" అంది. అంటూనే నవ్వింది. నాన్నకు నవ్వుతో మాట రావడం లేదు. ఆయన ఆ మాటలు ముందే విన్నాడు. విని, ఈ రోజు కోసం దాచిపెట్టాడు. అది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తరవాత పట్టుచీర వచ్చింది. అమ్మ కట్టుకుంది. నేను వెనకే వంటింట్లోకి వెళ్ళాను. పాయసంలో జీడిపప్పు వేస్తోంది. ఏడవడం లేదు. నా వైపు తిరిగి, ఎవరో పరాయి మనిషిలా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలుకుతూ అంది:

"ఇంకా ఎవరికైనా పాయసం కావాలేమో కనుక్కునిరా అమ్మా. నేను ఈలోగా మంచినీళ్ళు తీసుకుని వస్తాను."

వంటింట్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో అమ్మ లేదు. రేడియోలో వార్తలు చదివే ఒకావిడ వంట చేసేది, బట్టలుతికేది. "భోజనం వడ్డించమంటారా? మీకు పెరుగు తీసుకునిరమ్మంటారా?" నాన్న మొదట్లో మురిసిపోయాడు. "చూశారా, ఒక్క టేపుతో దారికొచ్చేసింది" అని ఎదురింటివాళ్ళకు చెప్పాడు. చేపలమ్మి భయపడి మా ఇంటికి రావడం మానేసింది. వంటింట్లోకి హెడ్మిస్ట్రెస్ గానీ గుడి మనిషి గానీ మళ్ళీ రాలేదు. నేను అడిగితే, "అటువంటివి మర్యాదస్తులు చేయరు" అంది. నేను కావాలనే 'నాను' అంటూ మాట్లాడి చూశాను. అమ్మ తల తిప్పలేదు.

ఎండాకాలంలో అమ్మమ్మ వచ్చింది. తాటిముంజెలు, పనసతొనలు, గుడ్డమూటలో ఎండు నెత్తళ్ళు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది. "ఎలాగున్నావే? సిక్కిపోనావేటే?"

"నేను బాగానే ఉన్నానమ్మా. మీరు కూర్చోండి. మంచినీళ్ళు తీసుకుంటారా?" అంది అమ్మ.

కన్నకూతురు మీరు అనేసరికి అమ్మమ్మ నా వైపు చూసింది. మొదట వేళాకోళమనుకుంది. రెండు రోజులు చూసింది. మూడో రోజు అమ్మ గడ్డం పట్టుకుని, "నాతో అయినా మాటాడే. నా కూతురి గొంతు ఏటైపోనాదే?" అని ఏడ్చింది. అమ్మ ఆ చెయ్యి మెల్లగా తీసి, "ఇప్పుడు మాట్లాడుతూనే ఉన్నాను కదమ్మా" అంది. అమ్మమ్మ ఆ సాయంత్రమే మూట కట్టుకుని బస్సెక్కింది. నాన్న చేసిన దానికి శిక్ష అమ్మమ్మకెందుకో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అమ్మ ఒకసారి తలుపు మూస్తే ఎవరికీ తియ్యలేదు, అంతే.

వానలు పడకముందే అమ్మమ్మ పోయింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా శవం చుట్టూ చేరి రాగాలు తీసి ఏడుస్తున్నారు. ఒక్కొక్కరూ అమ్మను పట్టుకుని, "ఏడవ్వే, ఒక్క మాటనీ" అంటున్నారు. అమ్మ నోరు తెరిచింది, మూసింది. తెచ్చిపెట్టుకున్న ఆ భాషలో ఏడవడం తనకు రాదు. సొంత భాష నోటికి అడ్డం పడింది. నాన్న ఎవరితోనో, "మా ఆవిడ చాలా నిబ్బరంగా ఉందండి" అనడం విన్నాను.

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం నాన్న వేళ కాని వేళలో ఇంటికొచ్చాడు. ప్రమోషన్లు ప్రకటించారు, నాన్నకు రాలేదు. పెద్దసారు వేరే ఎవరికో ఇప్పించాడు. నేను జ్వరంతో స్కూలుకు వెళ్ళకుండా పక్కగదిలో పడుకుని ఉన్నాను. నాన్న వంటింటి గుమ్మంలో కూలబడి, అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. ఎక్కిళ్ళు పెట్టి, చిన్నపిల్లాడిలా. మైకులో మాట్లాడే తెలుగు కాదది. తన లంక ఊరి మాట.

"నన్ను ఎదవని చేసేశారే. ఆడి బూట్లు నాకినట్టు తిరిగానే. ఆడి పెళ్ళానికి పుట్టినరోజని కేకు మోసుకెళ్ళానే. నువ్వు కూడా నన్నొదిలేసి ఎల్లిపోకే. నాకెవరున్నారే నువ్వు తప్ప."

అప్పుడు విన్నాను, ఎన్నో నెలల తరవాత, మా అమ్మ గొంతు.

"ఊరుకో, ఊరుకో. నానున్నాను గదా. నానెక్కడికెల్తాను?"

దుప్పటి కిందే నాకు ఏడుపొచ్చింది. అంతా బాగుపడిందనుకున్నాను. నాలుగైదు రోజులు బాగానే ఉంది కూడా. అమ్మ నెత్తళ్ళు వేయించింది. నాన్న వంటింట్లో పీట వేసుకుని కూర్చుని తిన్నాడు. ఆ ఆదివారం ఎదురింటి ఆంటీ వాళ్ళు వచ్చారు. అమ్మ కాఫీ తెస్తూ మాటల్లో ఎక్కడో 'నాను' అంది. నాన్న ఆగి, వాళ్ళ వైపు చూసి, పెదవి కొరికాడు.

"అప్పన్న తండ్రీ, మళ్ళీ వచ్చేసింది!" అన్నాడు.

వాళ్ళు నవ్వారు. అమ్మ కాఫీ గ్లాసులు ఒక్కటీ తొణకకుండా అందరికీ అందించింది. "క్షమించండి, పొరపాటున వచ్చింది" అంది.

దీపావళి వచ్చింది. గోగుకాడలు కొట్టాం, కాళ్ళు కడుక్కున్నాం, గవ్వలు తిన్నాం. పేము కుర్చీల్లో పెద్దసారు, ఆయన భార్య. నాన్నకు ప్రమోషను రాకపోయినా ఆయన ముందు నవ్వులో తేడా లేదు. ఆ ఏటి సర్‌ప్రైజు ఒక అద్దాల ఫ్రేము. అందులో బంగారు రంగు అక్షరాలతో అచ్చు వేయించిన ప్రశంసాపత్రం. శుద్ధమైన తెలుగు నేర్చుకున్నందుకు భార్యకు భర్త ఇచ్చే బహుమతి అని నాన్న గట్టిగా చదివి వినిపించాడు. చప్పట్లు మోగాయి.

అమ్మ ఫ్రేము అందుకుని, గోడకు ఆనించి పెట్టి, అందరి వైపూ తిరిగింది.

"నేను కూడా మా వారికి ఒక సర్‌ప్రైజు తయారు చేసుకున్నానండి. మీరందరూ అనుమతిస్తే ఇస్తాను."

"ఇవ్వండి, ఇవ్వండి" అన్నారు. నాన్నే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. జనం వైపు చూసింది. పెదవి కొరికింది. ఇల్లు ఇల్లంతా గుప్పున నవ్వింది, ఎందుకంటే అది నాన్నే. భుజాలు, మెడ తిప్పే తీరు, గొంతు, అన్నీ నాన్నవే. క్లబ్బులో మైకు పట్టుకున్న నాన్న. కింది పనివాణ్ణి కేకలేసే నాన్న. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే, ఈ విద్య ఎప్పుడు నేర్చావే?" అన్నాడు. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండీ ఆయనకు తెలియదు.

తరవాత, ఫోనులో పెద్దసారుతో మాట్లాడే నాన్న. వంగిపోయి, తీగలా సాగే గొంతుతో "సార్, సార్, మీరెలా అంటే అలా సార్." పెద్దసారు కూడా నవ్వాడు. ఫోను పెట్టేసినట్టు అమ్మ చెయ్యి దించి, నడుం నిటారుగా చేసి, "పంది ముఖం వెధవ. వీడికి సంతకం పెట్టడం నేనే నేర్పాలి" అంది, నాన్న గొంతుతో. ఒకరిద్దరు నవ్వి, పెద్దసారు ముఖం చూసి ఆపేశారు.

"ఇంక చాలు" అన్నాడు నాన్న, నవ్వుతూనే.

అమ్మ నేల మీద కూలబడింది. ఎదురుగా ఎవరి ఒడో ఉన్నట్టు తల వాల్చింది. ఎక్కిళ్ళు మొదలయ్యాయి. "నన్ను ఎదవని చేసేశారే. ఆడి బూట్లు నాకినట్టు తిరిగానే. ఆడి పెళ్ళానికి కేకు మోసుకెళ్ళానే." ముక్కు ఎగబీల్చడం, మాట మధ్యలో ఊపిరి తెగడం, అన్నీ. "నన్నొదిలేసి ఎల్లిపోకే. నాకెవరున్నారే నువ్వు తప్ప."

అది నటన అని తెలిసినా నాకు నాన్నే ఏడుస్తున్నట్టుంది. అసలు నాన్న గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో గ్లాసుతో. బయట పిల్లలు సీమటపాకాయలు కాలుస్తున్నారు.

అమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది.

"ఏటి, ఎవులూ నవ్వరేటి? నాను బాగా సెయ్యనేదా?" అంది.

తరవాత పాయసం తెచ్చింది. ఎవరూ పూర్తిగా తినలేదు. పెద్దసారు తన భార్యను చెయ్యి పట్టుకుని లేపాడు. వాళ్ళ వెనకే అందరూ వెళ్ళిపోయారు.

నాన్న అమ్మను కొట్టలేదు, తిట్టలేదు. గ్లాసు కడిగి బోర్లించి, ముందుగదిలో కూర్చున్నాడు. ప్లాంటులో కూడా ఎవరూ ఆయన్ని ముఖాన ఏమీ అనలేదట. క్యాంటీనులో ఆయన నడిచి వెళ్ళాక వెనక ఒక ఎక్కిలి వినిపించేది, అంతే. తిరిగి చూస్తే అందరూ తింటూ ఉండేవారు. స్కూలు బస్సులో నాకూ అదే. ఎదురింటి పిల్లలు సీటు వెనక నుంచి "నన్నొదిలేసి ఎల్లిపోకే" అనేవారు. నాన్నకు ఆ తరవాత ఎప్పుడూ ప్రమోషను రాలేదు. మైకు ముట్టుకోలేదు. క్లబ్బువైపు వెళ్ళలేదు. ఇంట్లోకి వచ్చే ముందు గేటు దగ్గర ఆగి దగ్గేవాడు, పరాయి ఇంటికి వచ్చినట్టు.

నేను అమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు. ఒకరోజు ఉండబట్టలేక, "నాన్న నీ దగ్గర ఏడిస్తే, అది అందరికీ ఎందుకు చెప్పావ్?" అని అరిచాను.

"ఆయన టేపు పెట్టినాడు, నానూ పెట్టినాను" అంది. "నా టేపుకి కరెంటక్కర్నేదు."

అమ్మకు సొంత మాట తిరిగొచ్చింది. గట్టిగా, ఇల్లంతా వినపడేలా మాట్లాడేది. చేపలమ్మి కూడా తిరిగొచ్చింది. కానీ నాకోసం ఎవరి గొంతూ మళ్ళీ చెయ్యలేదు. దీపావళికి గుమ్మంలో నాలుగు ప్రమిదలు పెట్టి తలుపు వేసుకునేవాళ్ళం. నాన్న ఒక చీర కొని, కాగితం చుట్టకుండా, మంచం మీద పెట్టి బయటికి వెళ్ళిపోయేవాడు. అమ్మ అది కట్టుకునేది. బాగుందని ఆయనా అనలేదు, ఈవిడా అడగలేదు.

రిటైరయ్యాక దువ్వాడలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. నాన్న అక్కడే పోయాడు. చివరి జబ్బులో అమ్మే అన్నీ చేసింది, విసుక్కోకుండా, ఒక్క పూట కూడా మనిషిని పెట్టకుండా. చూడ్డానికి వచ్చినవాళ్ళు అన్యోన్య దాంపత్యం అనుకుని వెళ్ళారు.

ఆయన పోయిన ఏడాదికో ఏమో, పెరట్లో కూర్చుని చింతకాయలు దంచుతుంటే అడిగాను. "అమ్మా, ఆ దీపావళికి అలా చేసినందుకు నీకెప్పుడైనా బాధేసిందా?"

అమ్మ రోకలి ఆపలేదు.

"బాధేటే? అంతకముందు నాను మాటాడితే మీ నాన్న జనం మొకాలు సూసీవోడు, ఎవులు నవ్వుతన్నారో అని. ఆ తరవాతే నా మొకం సూడ్డం మొదలెట్టినాడు."

"అది భయం అమ్మా."

"భయవే. నాకు తెల్దేటి?" అంది. "పేమతో సూత్తాడని ఎన్నేళ్ళు కాసుకున్నాను. సూడనేదు. భయంతోనైనా సూసినాడు. నాకది సాలినాది."

ఉప్పు అందుకోమని చెయ్యి చాపింది. అందించాను. మళ్ళీ దంచడం మొదలుపెట్టింది.

ఆవిడకు చాలిందేమో. నేను ఆ ఇద్దరికీ పుట్టినదాన్ని. నాకు చాలలేదు.